సి.ఆర్. రావుగారి పేరు ఇన్ని శాస్త్రాల్లో ఎందుకు కనిపిస్తుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో కుదించి చెబుతాను. డిగ్రీ రెండో సంవత్సరం స్టాటిస్టిక్స్‌లో, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్–రావు అసమానత చదివారు. ఎకనామిక్స్ చదివే మీ స్నేహితురాలి పుస్తకంలోనూ, ఇంజినీరింగ్ చదివే మీ అన్నయ్య నోట్సులోనూ అదే రావుగారి పేరు కనిపించింది. ఒక మనిషి నిజంగా ఇన్ని శాస్త్రాల్లో పనిచేశారా, తెలుగువారు కాబట్టి మనమే కాస్త పెంచి చెప్పుకుంటున్నామా, అసలు ఆయన గణితవేత్తా లేక సాంఖ్యక శాస్త్రవేత్తా (స్టాటిస్టీషియనా) అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. పనిచేశారన్నది నిజం, కానీ ఆయన పది శాస్త్రాలు విడివిడిగా నేర్చుకొని పనిచేయలేదు. కొలిచిన అంకెల్లో సమాచారం ఎంత ఉంది, దానిలో మనం వాడుకుంటున్నది ఎంత, వృథా చేస్తున్నది ఎంత అనే ఒకే ప్రశ్నను ఆయన జీవితమంతా పట్టుకున్నారు. ఎముకలు కొలిచేవారికీ, ఎలుకలు పెంచేవారికీ, ధరలు లెక్కవేసేవారికీ, రాడార్ నడిపేవారికీ ఆ ప్రశ్న ఒక్కటే కాబట్టి జవాబు కూడా అందరికీ పనికొచ్చింది. ఇక గణితవేత్తా కాదా అన్నదానికి నా అభిప్రాయం ఏమిటంటే, ఆయన చదివింది గణితం, చేసిన రుజువులు గణితం, ఆ రుజువులకు పుట్టిల్లు మాత్రం దాదాపు ప్రతిసారీ బల్లమీదికి వచ్చిన అసలైన దత్తాంశం.

నేను కోస్తాలోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై రెండేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి పదవీ విరమణ చేశాను. వ్యవసాయ పరిశోధకులకూ, వైద్య విద్యార్థుల థీసిస్‌లకూ లెక్కలు చేసిపెట్టే పని ఇప్పటికీ వదల్లేదు. రావుగారి పేరున్న సూత్రాలను బోర్డుమీద రుజువు చేయడం ఒక ఎత్తు, పాడైన దత్తాంశంతో ఎవరో ఇంటికి వచ్చినప్పుడు అవే సూత్రాలను వాడవలసి రావడం మరో ఎత్తు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో అనుభవం నుంచి చెబుతున్నాను.

జీవిత వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అవసరమైనంతే రాస్తాను. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. దేవకికి కృష్ణుడిలాగా ఎనిమిదో సంతానం కాబట్టి ఆ పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతో బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరకు విశాఖపట్నంలో చదువు స్థిరపడింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు నిద్రలేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన పెద్దయ్యాక కూడా కృతజ్ఞతతో తలుచుకున్నారు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి స్థానంలో పూర్తిచేశారు.

ఆ తర్వాతి మలుపు పూర్తిగా యాదృచ్ఛికం. యుద్ధకాలంలో సైన్యానికి సంబంధించిన ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అక్కడ బసలో పరిచయమైన ఒక దక్షిణాది యువకుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అతని ద్వారా ఆ సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో ఆ సంస్థ స్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ దగ్గర చేరారు. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ ఎం.ఏ. ప్రారంభించగా మొదటి బ్యాచిలో చేరి, 1943లో బంగారు పతకంతో బయటికి వచ్చారు. సైన్యంలో ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఏమయ్యేదని మా విద్యార్థులు అడిగేవారు. సంభావ్యత పాఠంలో వేయదగిన ప్రశ్నే అది.

ఇక అసలు విషయం: 1945 నాటి పదకొండు పేజీలు. కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటిలో 81 నుంచి 91వ పేజీ వరకు ఉన్న ఒక్క వ్యాసంలోనే క్రామర్–రావు అసమానత, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, ఫిషర్–రావు దూరం అనే మూడూ ఉన్నాయి. అందులో మొదటిదానికి బీజం వేసింది ఒక విద్యార్థి. రావుగారు 1944లో తరగతిలో పాఠం చెబుతూ, మాదిరి (శాంపిల్) చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో బ్రిటిష్ సాంఖ్యక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఇచ్చిన ఫలితాన్ని వివరించారు. అప్పుడు, తరువాత ఆర్థికవేత్తగా పేరు పొందిన వి.ఎం. దండేకర్ లేచి, మాదిరి చిన్నదైతే ఇలాంటిదేమీ లేదా అని అడిగారు. ఆ రాత్రే రావుగారు దాన్ని సాధించి మరునాడు తరగతిలో చూపించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు దగ్గర. క్లాసులో వచ్చిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు "అది సిలబస్‌లో లేదు" అని దాటేసిన రోజులు నాకూ ఉన్నాయి కాబట్టి, ఈ సంఘటన చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కాస్త సిగ్గుగానే ఉండేది.

ఆ మూడింటిలో రెండింటిని నేను మామిడికాయలతో చెప్పేవాణ్ణి. ఒక పెద్ద లాటులో పుచ్చిపోయిన కాయల నిష్పత్తి ఎంతో తెలియాలి. కలిపి తీసిన పది కాయలు కోసి చూశాం. ఒకడు బద్ధకంగా మొదటి కాయ ఒక్కటే చూసి, అది పుచ్చయితే "అన్నీ పుచ్చే" అనీ, మంచిదైతే "ఒక్కటీ పుచ్చు లేదు" అనీ చెబుతాడు. విచిత్రమేమిటంటే, సగటున చూస్తే ఇది నిష్పాక్షికమైన అంచనానే, అంటే పదేపదే చేస్తే సగటు సరైన నిష్పత్తికే వస్తుంది. కానీ ఒక్కొక్కసారి చెప్పే మాట మాత్రం ఘోరంగా తప్పుతుంది. నిజమైన నిష్పత్తి 20 శాతం అనుకుంటే, ఈ అంచనా విస్తృతి, అంటే అంచనాలు ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే, మనం క్లాసులో వేరియన్స్ అనేది, 0.2ను 0.8తో హెచ్చవేసిన 0.16.

ఇప్పుడు పది కాయల్లో మొత్తం మూడు పుచ్చులు వచ్చాయని తెలుసనుకోండి. ఆ మూడూ ఏ వరుసలో వచ్చాయన్నది నిష్పత్తి గురించి కొత్తగా ఏమీ చెప్పదు. కాబట్టి బద్ధకస్తుడి జవాబును, మూడు పుచ్చులు రాగల అన్ని వరుసలమీదా సగటు వేద్దాం. మొదటి కాయ పుచ్చు కావడానికి అవకాశం పదింట మూడు కాబట్టి జవాబు 3/10 అవుతుంది. చెత్త అంచనాను తీసుకొని, సమాచారమంతటినీ ఇముడ్చుకున్న పుచ్చుల సంఖ్య ఆధారంగా సగటు వేయగానే దానంతట అదే మంచి అంచనాగా మారింది. విస్తృతి 0.16 నుంచి 0.016కు పడిపోయింది. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం చెప్పేది ఇదే. డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రంగా ఇదే ఫలితానికి వచ్చారు కాబట్టి ఇద్దరి పేర్లూ నిలిచాయి.

ఇంతకన్నా తగ్గించగలమా అన్నది తరువాతి ప్రశ్న. ఒక్కో కాయ ఇచ్చే ఫిషర్ సమాచారం, అంటే తెలియని నిష్పత్తి గురించి ఆ కాయ ఎంత చెబుతుందో కొలిచే అంకె, ఒకటిని 0.16తో భాగిస్తే వచ్చే 6.25. పది కాయలకు 62.5. దాని విలోమం సరిగ్గా 0.016. క్రామర్–రావు అసమానత ప్రకారం ఏ నిష్పాక్షిక అంచనా విస్తృతీ ఇంతకు దిగువకు పోదు. అంటే మనం నేలను తాకేశాం, ఇక తవ్వి లాభం లేదు. ఈ "ఇక తవ్వి లాభం లేదు" అనే మాటను రుజువుతో చెప్పగలగడమే ఇంజినీర్లకు బంగారంలా కనిపించింది. రాడార్ ప్రతిధ్వనిని బట్టి దూరాన్ని అంచనా వేసేవారు, ఉపగ్రహ సంకేతాలతో స్థానం గుర్తించేవారు, ఎంఆర్‌ఐ బొమ్మల నుంచి కొలతలు తీసేవారు ముందుగా ఈ హద్దును లెక్కగట్టి, తమ పద్ధతి దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకుంటారు. మీ అన్నయ్య నోట్సులో ఉన్నది బహుశా ఇదే. క్వాంటం కొలతలకు కూడా ఈ అసమానతకు ఒక రూపం ఉంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పకపోతే ఉపాధ్యాయుడిగా నా పని సగంలో ఆపినట్టే. ఒకటి, ఈ హద్దు నిష్పాక్షిక అంచనాలకే వర్తిస్తుంది. కొద్దిగా పక్షపాతాన్ని ఒప్పుకుంటే మొత్తం దోషం ఇంకా తగ్గే సందర్భాలు ఉన్నాయి. రెండోది, కొన్ని నియమాలు పాటించే సంభావ్యతా విభాజనాలకే (డిస్ట్రిబ్యూషన్లకే) ఇది పనిచేస్తుంది. సమయం తప్పకుండా నడిచే బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుందో తెలియక, మనం వేచి ఉన్న సమయాలను బట్టి అంచనా వేస్తున్నామనుకోండి. వేచి ఉండే సమయం సున్నా నుంచి ఆ తెలియని విరామం వరకు ఏదైనా సమానంగా కావచ్చు. అక్కడ గరిష్ఠ నిరీక్షణను ఆధారం చేసుకున్న అంచనాకు, మాదిరి పది రెట్లు పెరిగితే విస్తృతి సుమారు వంద రెట్లు తగ్గుతుంది. క్రామర్–రావు హద్దు అక్కడ చెల్లదు, ఎందుకంటే విలువల పరిధే తెలియని పరామితిమీద, అంటే మనం కనుక్కోవలసిన ఆ విరామంమీదే, ఆధారపడి ఉంది. పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా జారిపడే చోటు ఇదే.

పేరు విషయంలో కూడా నిజాయితీగా ఉండాలి. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ తన 1946 నాటి గ్రంథంలో ఈ అసమానతను స్వతంత్రంగా ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ఫ్రెషే 1943లో, దార్మ్వా 1945లో ఇలాంటి ఫలితాలే ప్రకటించారు. యుద్ధంవల్ల ఒక దేశపు పత్రిక మరో దేశానికి చేరని రోజులవి. కాబట్టి "ప్రపంచంలో మొట్టమొదట రావుగారొక్కరే" అనే వాట్సాప్ సందేశాలను నమ్మవద్దు. ఆ మూడు ఆలోచనలనూ ఒకే వ్యాసంలో, ఒకే దారానికి గుచ్చింది మాత్రం ఆయనే.

మూడోదైన ఫిషర్–రావు దూరం చాలాకాలం పెద్దగా ఎవరి దృష్టిలోనూ పడలేదు. నిష్పత్తి 50 శాతం నుంచి 55కు మారడం, 1 శాతం నుంచి 6కు మారడం మామూలు తీసివేతలో సమానమే. కానీ ఒక ఊళ్లో జ్వరపీడితులు 1 శాతం నుంచి 6 శాతం అయ్యారంటే వైద్యుడు ఉలిక్కిపడతాడు, దత్తాంశం కూడా ఆ తేడాను చాలా స్పష్టంగా పట్టిస్తుంది. రావుగారు ఫిషర్ సమాచారాన్నే కొలబద్దగా చేసి రెండు విభాజనాల మధ్య దూరాన్ని నిర్వచించారు. ఆ కొలబద్దతో మొదటి తేడా సుమారు 0.10, రెండోది సుమారు 0.29, అంటే దాదాపు మూడు రెట్లు. సంభావ్యతా విభాజనాలను వంపు తిరిగిన ఉపరితలంమీద బిందువులుగా చూసే ఈ ఆలోచన నుంచే తరువాత ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖ ఎదిగింది. జపాన్‌కు చెందిన షున్-ఇచి అమారి దాన్ని న్యూరల్ నెట్‌వర్కుల శిక్షణకు వాడారు. ఇవాళ మెషీన్ లెర్నింగ్ పరిశోధకులు రావుగారిని ఉదహరించేది ఎక్కువగా దీనికోసమే.

ఇక ఎముకల సంగతి. 1946లో మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట, మొదటి ప్రపంచయుద్ధానికి ముందు హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన ప్రాచీన సమాధుల అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉన్నాయి. ఆ మనుషులు ఏయే జనసమూహాలకు దగ్గరివారో కొలతలతో తేల్చాలి. పుర్రె పొడవు, వెడల్పు, దవడ కొలత వంటివి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పొడవైన మనిషికి చేతులూ పొడవుగానే ఉంటాయి కదా, ఆ రెండు తేడాలనూ విడివిడిగా కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఆ సంబంధాన్ని సవరించి కొలిచేదే మహలనోబిస్ డి-స్క్వేర్ దూరం. ఫిషర్ 1936లో రెండు సమూహాలను వేరు చేసే పద్ధతి ఇచ్చారు. రావుగారు దాన్ని అనేక సమూహాలకు విస్తరించారు. పగలు మ్యూజియంలో ఎముకలు, మిగిలిన వేళల్లో ఫిషర్ జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల సంకరణం పని. ఫిషర్ పర్యవేక్షణలో 1948లో జీవశాస్త్ర వర్గీకరణ సమస్యలమీద పిహెచ్.డి. పొందారు. జెబెల్ మోయా అధ్యయనం రామకృష్ణ ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి 1955లో పుస్తకంగా వచ్చింది.

అంతకుముందే, తరువాత ఉత్తరప్రదేశ్‌గా మారిన నాటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లోని కులాల, తెగల శరీర కొలతల విశ్లేషణ మహలనోబిస్, డి.ఎన్. మజుందార్‌లతో కలిసి చేయగా 1949లో ప్రచురితమైంది. మనుషులను ముక్కు కొలతలతో వర్గీకరించే ఆనాటి ధోరణి నుంచి మానవశాస్త్రం చాలా దూరం జరిగిపోయింది, జరగడం మంచిదే. పద్ధతి మాత్రం నిలిచింది. వరి రకాలను గుర్తించడానికైనా, బ్యాంకు లావాదేవీల్లో అనుమానాస్పదమైనవి పట్టడానికైనా అదే గణితం వాడతాం.

మీ స్నేహితురాలి ఎకనామిక్స్ పుస్తకంలో ఉన్నది ఇదే 1948లో వచ్చిన స్కోర్ పరీక్ష. ఒక పరికల్పనను పరీక్షించడానికి పెద్ద మాదిరుల సిద్ధాంతంలో మూడు ప్రధాన మార్గాలు ఉన్నాయి. నేమన్, పియర్సన్‌ల లైక్లీహుడ్ నిష్పత్తి పరీక్ష, వాల్డ్ పరీక్ష, రావు స్కోర్ పరీక్ష. మూడోదానికున్న సుఖం ఏమిటంటే, సరళమైన నమూనాను (మోడల్‌ను) దత్తాంశానికి ఒక్కసారి అమర్చితే చాలు, క్లిష్టమైనదాన్ని సాధించనక్కర లేదు. కొండ శిఖరం మనమున్న చోటేనా అని తెలుసుకోవడానికి శిఖరం వెతుక్కుంటూ వెళ్లడం ఒక పద్ధతి. నిలబడ్డచోట నేల ఎంత వాలుగా ఉందో పాదంతో చూసుకోవడం మరో పద్ధతి. స్కోర్ పరీక్ష రెండోది. ఏచిసన్, సిల్వీ 1958లో దీన్నే లగ్రాంజ్ గుణకాల దారిలో చేరుకోవడంవల్ల ఆర్థికవేత్తలు దాన్ని లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అంటారు. పేరు వేరు కావడంతో చాలామంది ఎకనామిక్స్ విద్యార్థులకు తాము వాడుతున్నది రావుగారి పరీక్షేనని తెలియదు. లక్షల జన్యుస్థానాలను ఒక్కొక్కటిగా పరీక్షించవలసిన జన్యుశాస్త్రంలో కూడా ఈ వెసులుబాటే దీన్ని ఆదరణీయం చేసింది.

కర్మాగారాల్లోకి ఆయన పేరు వెళ్లింది ఆర్థోగొనల్ ఎర్రేల ద్వారా. ఇది నాకు వ్యక్తిగతంగా ఎంతో ఇష్టమైన విషయం. రైతు దగ్గర మూడు ఎంపికలు ఉన్నాయనుకోండి: రెండు విత్తనాలు, రెండు ఎరువులు, మొక్కల మధ్య రెండు రకాల ఎడం. అన్నీ కలిపి చూడాలంటే ఎనిమిది మడులు కావాలి. నాలుగే ఉన్నాయి. అప్పుడు ఇలా వేయవచ్చు:

మొదటి మడి: విత్తనం 1, ఎరువు 1, ఎడం 1
రెండో మడి: విత్తనం 1, ఎరువు 2, ఎడం 2
మూడో మడి: విత్తనం 2, ఎరువు 1, ఎడం 2
నాలుగో మడి: విత్తనం 2, ఎరువు 2, ఎడం 1

ఏ రెండు నిలువు వరుసలు తీసుకున్నా నాలుగు జతలూ ఒక్కోసారి వస్తాయని వేలు పెట్టి చూసుకోండి. కాబట్టి విత్తనాలను పోల్చేటప్పుడు ఎరువు, ఎడం ప్రభావాలు రెండువైపులా సమానంగా పంచుకుపోతాయి. ఒక్కోదానికి మూడు స్థాయిలున్న నాలుగు అంశాలైతే 81 మడుల బదులు 9 చాలు. అంతకంటే తక్కువతో కుదరదని చెప్పే హద్దును కూడా రావుగారు 1947లోనే ఇచ్చారు. స్థాయిల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, అంశాల సంఖ్యతో హెచ్చవేసి, ఒకటి కలపండి: నాలుగు రెళ్లు ఎనిమిది, ఒకటి కలిపితే తొమ్మిది. జపాన్ ఇంజినీరు గెనిచి తాగుచి ఈ ఎర్రేలను పరిశ్రమల్లో నాణ్యత పెంచడానికి విస్తృతంగా ప్రచారం చేశారు. అందుకే ఇంజినీరింగ్ విద్యార్థులు వీటిని తాగుచి పట్టికలనే పిలుస్తారు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒక విత్తనం ఒక ఎరువుతోనే బాగా పండే పరిస్థితి, అంటే పరస్పర ప్రభావం ఉంటే, నాలుగు మడుల పట్టిక మోసం చేస్తుంది. మడులు మిగిలాయని సంతోషించి ఈ సంగతి మరిచిన థీసిస్‌లు నేను చాలానే చూశాను.

మడులంటే గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 తర్వాత, ఉత్తరాంధ్రలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. ప్రయోగ క్షేత్రంలో కొన్ని మడులు నీట మునిగి పోయాయి, మిగిలిన దిగుబడులతో విశ్లేషణ చేయాలి. అతను రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో లెక్క చేస్తే రెండింటిలోనూ గుణకాలు వేర్వేరుగా వచ్చాయి. "ఏది తప్పు సార్?" అని అడుగుతున్నవాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు, సమర్పణ గడువు వారంలో ఉంది. నేను గుణకాలు పక్కనపెట్టి, రకాల మధ్య తేడాలు మాత్రమే రెండు కాగితాలమీదా తీసి చూడమన్నాను. చివరి దశాంశం వరకు ఒకటే. ఒక సాఫ్ట్‌వేర్ మొదటి రకాన్ని సున్నాగా పెట్టుకుంది, రెండోది చివరి రకాన్ని పెట్టుకుంది, అంతే.

ఈ ప్రశాంతతకు మూలం కూడా రావుగారే. ఇంటర్‌లో మనం అసాధారణ మాత్రిక అని పిలిచేదానికి, అంటే నిర్ధారకం సున్నా అయినదానికి విలోమం లేదని నేర్చుకుంటాం. ఇలా రకాలను పోల్చే నమూనాల్లో వచ్చే మాత్రికలు తరచుగా అలాంటివే. హిరోషిమా, నాగసాకి అణుబాంబు బాధితులమీద రేడియేషన్ దీర్ఘకాలిక ప్రభావాలకు సంబంధించిన దత్తాంశాన్ని 1950ల మధ్యలో విశ్లేషిస్తున్నప్పుడు ఆయనకు ఇదే చిక్కు ఎదురైంది. పూర్తి విలోమం లేకపోయినా ఆ పని చేసిపెట్టే మరో మాత్రికను వాడవచ్చని చూపి, 1955లో ప్రకటించారు. దానికి ఒకే షరతు: అసలు మాత్రిక, ఈ కొత్తది, మళ్లీ అసలుది వరుసగా హెచ్చవేస్తే అసలుదే తిరిగి రావాలి. అలాంటివి అనేకం ఉంటాయి, ఏది ఎంచుకున్నా అంచనాకు అందే తేడాలు మాత్రం మారవు. ఈ రంగంలో మూర్ 1920లోనూ, పెన్‌రోజ్ 1955లోనూ చేసిన పని వేరే ఉంది. సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి రావుగారు 1971లో రాసిన గ్రంథం దీన్ని జనరలైజ్డ్ ఇన్వర్స్ పేరుతో ఒక పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టింది. ఆ విద్యార్థి థీసిస్ గడువులోపే సమర్పించాడు.

వారసత్వం అంటే సూత్రాలేనా అని మీరు అడగలేదు కానీ, నా దృష్టిలో ఆయన తయారుచేసిన మనుషులు కూడా అంతే ముఖ్యం. కేంబ్రిడ్జి నుంచి తిరిగివచ్చి, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ప్రొఫెసరై, కలకత్తా సంస్థలో పరిశోధన, శిక్షణ విభాగాన్ని నడిపారు. 1959లో పార్లమెంటు చట్టంతో ఆ సంస్థకు డిగ్రీలిచ్చే అధికారం వచ్చి, 1960లో బి.స్టాట్., ఎం.స్టాట్. కోర్సులు మొదలయ్యాయి. వరదన్, పార్థసారథి, వరదరాజన్, రంగారావు అనే నలుగురు యువకులు ఆ రోజుల్లో అక్కడ సంభావ్యతా సిద్ధాంతంలో ఒకరినొకరు పదును పెట్టుకున్నారు. రావుగారి దగ్గర పరిశోధన చేసిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కు 2007లో, గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఏబెల్ బహుమతి వచ్చింది. వరదన్ చేసిన పని రావుగారి పనికి పోలిక లేనిది. విద్యార్థిని తన దారిలోకి లాగకుండా వదిలిపెట్టడం ఎంత కష్టమో పర్యవేక్షణ చేసిన ప్రతివాడికీ తెలుసు.

1970ల చివర ఆయన అమెరికా వెళ్లి, మొదట పిట్స్‌బర్గ్‌లో, 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో మరో పూర్తి ఉద్యోగ జీవితమంత కాలం పనిచేశారు. పురస్కారాల జాబితా పొడవైనది. 1967లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అన్నవి చాలు. 2023లో వచ్చిన ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్‌ను మన పత్రికలు నోబెల్ అని రాశాయి. అది నోబెల్ కాదు. స్టాటిస్టిక్స్‌కు నోబెల్ లేదు కాబట్టి ఆ స్థాయిలో గౌరవించే 80,000 డాలర్ల బహుమతి. ఆ ప్రశంసాపత్రం ప్రధానంగా పేర్కొన్నది డెబ్బై ఎనిమిదేళ్ల కిందటి ఆ 1945 వ్యాసాన్నే. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరున గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది, గచ్చిబౌలి వైపు ఆయన పేరున రోడ్డు కూడా ఉంది. ఆ రోడ్డుమీద ఆటో ఎక్కి "సీఆర్ రావు రోడ్డు" అంటే చాలామంది ఆయనెవరో రాజకీయ నాయకుడనుకుంటారు.

ఏం చదవాలి, ఏ వరుసలో చదవాలి అన్నది మీ చివరి వాక్యం. లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అనే 1965 నాటి గ్రంథంతో మొదలుపెట్టవద్దు. నేను ఎం.ఎస్సీ.లో ఆ తప్పుచేసి రెండో అధ్యాయంలో ఆరు నెలలు ఇరుక్కున్నాను. 1987లో ఆయన ఇచ్చిన రామానుజన్ స్మారకోపన్యాసాల ఆధారంగా వచ్చిన స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్ ముందు చదవండి. గణితం దాదాపు లేదు. అందులో 1947 నాటి ఢిల్లీ ఎర్రకోట ఉదంతం ఉంది. అల్లర్లకు భయపడి కోటలో తలదాచుకున్నవారు ఎంతమందో ప్రభుత్వానికి తెలియదు, భోజనాల కాంట్రాక్టర్లు మాత్రం బిల్లులు పంపుతున్నారు. లోపలికి వెళ్లి లెక్కపెట్టే వీలులేని సాంఖ్యక శాస్త్రవేత్తలు ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు పరిమాణాలను మనిషికి సగటు వాడకంతో భాగించారు. బియ్యం లెక్క ఎక్కువమందిని చూపింది, ఉప్పు లెక్క అన్నిటికంటే తక్కువమందిని చూపింది. ఉప్పు చవక, దానిలో దొంగలెక్క రాసి లాభం లేదు కాబట్టి ఉప్పునే నమ్మారు. ఆ పని వేరేవారు చేసిందే, రావుగారు చెప్పారంతే. కానీ అంకెలో సమాచారం ఎక్కడ దాగి ఉంటుందో దీనికంటే బాగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

దాని తర్వాత 1945 వ్యాసం తెరవండి. మొదటి ఐదు పేజీలు మీ రెండో సంవత్సరం గణితంతో అందుతాయి, దూరం గురించిన చివరి భాగాన్ని ఎం.ఎస్సీ.కి వాయిదా వేయండి. తెరిచే ముందు మాత్రం పైన చెప్పిన మామిడికాయల లెక్కను పది బదులు ఇరవై కాయలతో, 20 శాతం బదులు 30 శాతంతో ఒకసారి కాగితంమీద చేయండి. రెండు దారుల్లోనూ 0.0105 వస్తే మీకు ఆ వ్యాసం చదివే అర్హత వచ్చినట్టే. రాకపోతే మీ లెక్క ఇక్కడే పెట్టండి, ఎక్కడ తప్పిందో చూస్తాను.